పన్నెండు మూరలు ఎడమకి

మధ్యాహ్నపు జొహర్ నమాజు అయిపోయింది, సాయంత్రపు అసర్ ఇంకా కాలేదు. ఈ రెంటి మధ్య పొద్దంతా ముక్బిల్ సొరంగం చివర ఒక ఆలివ్ దుంగకు వీపు ఆనించి, కాళ్ళ మధ్య నూనె దీపం పెట్టుకుని కూర్చోవాలి. అంతే అతని పని. చుట్టూ నలభై దుంగలు పైకప్పు రాయిని మోస్తున్నాయి. దుంగల సందుల్లో ముళ్ళకంప కూరారు, కంప మీద తారు పోశారు, తారు మీద మేకకొవ్వు పూశారు. అసర్ అజాన్ వినబడేలోగా సముద్రం దాటి వచ్చి జుర్ఫ్ కోటలో ఉంటున్న క్రైస్తవ ఫ్రాంకులు లొంగిపోతున్నామని కబురు పంపితే సరే. లేకపోతే ఈ దీపాన్ని కంపకి అంటించి ముక్బిల్ బయటికి పరుగెత్తాలి. దుంగలు కాలితే పైనున్నదంతా కూలుతుంది. యాభై ఏళ్ళు దాటినవాడు పరుగెత్తగలడా అని ముట్టడి నడిపే అమీర్ తోగాన్ అడిగితే, వెనకాల మంట తరుముతుంటే ముసలి గాడిదైనా పరుగెత్తుతుంది హుజూర్ అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ, పాపం, ఐదు వారాలుగా ఎవరికీ నవ్వు లేదు. ఆ నవ్వులో తన మొహంకేసి ఎవరూ పరీక్షగా చూడలేదు, అందుకు అల్లాకు వేయి దండాలు.

సుల్తానుకు కోట కావాలిగాని రాళ్ళ కుప్ప కాదు. సముద్రం మీది నుంచి వచ్చేవాణ్ణి చాలా దూరంలోనే చూడగల బురుజు అది, దాన్ని తానే పడగొట్టుకుని మళ్ళీ తానే కట్టుకోవడమెందుకని ఆయన ఆలోచన. అందుకే ఫ్రాంకులకు కబురు పంపాడు: మీ మనుషుల్ని పంపండి, ప్రాణాలకు నా పూచీ, కిందికి దిగి మేం ఎక్కడిదాకా వచ్చామో మీ కళ్ళతో మీరే చూసుకోండి, చూశాక మీ ఇష్టం. వినగానే ముక్బిల్ మనసులో సుల్తానుకు సలాం చేశాడు. ఇంత మర్యాదగా యుద్ధం చేయడం ఎక్కడైనా ఉందా, ఇంటికొచ్చిన చుట్టానికి గదులు చూపించినట్టు. ఆ వెంటనే రెండో ముక్క విన్నాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఒక మేస్త్రీ కూడా ఉంటాడట. మేస్త్రీ అయితే చూస్తాడు. చూస్తే తెలుస్తుంది. ఈ సొరంగం బురుజు కింద లేదు. బురుజుకు పన్నెండు మూరలు ఎడమకి, ఉత్త గోడ కింద ఉంది. ఆ సంగతి ఈ భూమి మీద ముక్బిల్‌కి తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాన్ని వంచింది ముక్బిలే. మేస్త్రీ ఆ మాట పైకి అన్నాడా, ఫ్రాంకులు లొంగరు. అమీర్ ముక్బిల్ తల తీయిస్తాడు. మిగిలిన పనివాళ్ళు సొరంగాన్ని కుడికి తిప్పి తిన్నగా బురుజు కిందికి, అంటే కోటలో రొట్టెలు కాల్చే షమూని పొయ్యి కిందికి తవ్వుతారు. తన తల సంగతి తర్వాత. షమూని ఇంకా ఆ పొయ్యి దగ్గరే ఉందని ముక్బిల్‌కు తెలుసు.

ఎలా తెలుసు అంటే రాయి చెప్పింది. సొరంగం ముప్పై మూరలు దాటిన రోజు పైకప్పు మీద అరచెయ్యి పెట్టాడు, ప్రతి పూటా పెడతాడు, రాయి బీట వారిందో లేదో చెయ్యి చెబుతుంది. ఆ రోజు చెయ్యి వేరే కబురు చెప్పింది. రాయి వెచ్చగా ఉంది. జ్వరం వచ్చి తగ్గుతున్న బిడ్డ నుదురులా గోరువెచ్చగా. ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఏళ్ళ తరబడి ఒక్క పూట కూడా చల్లారని పొయ్యి ఉంటే దాని కింది రాయి అలా ఉంటుంది. ఆ పొయ్యి బురుజు అడుగున ఉంటుంది, దాని ముందు ఒక లావుపాటి సిరియా క్రైస్తవురాలు చేతులకు పిండి పూసుకుని అందర్నీ తిడుతూ ఉంటుంది. తను ఆ కోట ఖైదు వదిలి తొమ్మిదేళ్ళయింది కదా, ఉందో పోయిందో అనుకున్నాడు. మర్నాటి తెల్లవారి గాలి కోట మీంచి కిందికి వీచినప్పుడు అందులో సోంపు వాసన వచ్చింది. రొట్టె పిండిలో సోంపు గింజలు కలిపే మనిషి ఆ కోటలో ఒక్కతే. ఫ్రాంకులకు ఆ వాసన గిట్టదు, అయినా ఆమె మానదు. మా అమ్మ కలిపేది, నేనూ కలుపుతా, తినకపోతే పస్తుండండి అనేది వాళ్ళ మొహం మీదే.

నోరు జారింది తనే. ముట్టడి మొదటి రోజున అమీర్ అందర్నీ నిలబెట్టి, ఈ కోట లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ముక్బిల్ ముందుకు నడిచాడు. ఉన్నాను హుజూర్, ఐదేళ్ళు వీళ్ళ ఖైదులో ఉన్నాను, భూకంపానికి బీటలిచ్చిన ఆ మూల బురుజు బాగు చేసింది మేమే, పునాది లోపలి పొరలో నేను సున్నం లేకుండా ఉత్త గులకరాళ్ళు నింపి పైన మంచి రాళ్ళు పేర్చాను, దాని కిందికి వెళ్తే చాలు. ఎంత గర్వంగా చెప్పాడో. పద్నాలుగేళ్ళ కిందట చేసిన దొంగపనికి అమీర్ తన నడుముపట్టీ విప్పి బహుమానంగా ఇచ్చాడు. తన ఊరు హలబ్ పట్నం నుంచి వచ్చిన సొరంగపు పనివాళ్ళందరూ అతని భుజం తట్టారు. అప్పుడు అతని తలలో రాళ్ళున్నాయి, గులకరాళ్ళున్నాయి, పునాది ఉంది, మనుషులు లేరు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేసినవాడి తలలోకి మనుషులు ఆలస్యంగా వస్తారు. సుల్తానుకు ముందున్న సుల్తాను కాలం నుంచీ ఎన్ని కోటలు. ఒక దాని దగ్గర మంచు పడుతుంటే తవ్వారు. ఒక దాని దగ్గర ఎదురు సొరంగంలోంచి వచ్చిన ఫ్రాంకుల మొహాలు గోడ విరిగి ఎదురుగా కనబడ్డాయి, ఇటు నలుగురు అటు నలుగురు, దుమ్ములో అందరూ ఒక్కలాగే తెల్లగా, ఎవరు ఎవరో తెలియక ఒక క్షణం అందరూ ఆగిపోయారు. ఇంకొక చోట బురుజు కూలాక ఆ రాళ్ళ కింద నుంచి రెండు రోజులు ఎవరో పిలుస్తూనే ఉన్నారు. భాష తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

బూడిద. ఖైదీలకు పొయ్యి బూడిద ఎత్తిపోసే పని ఉండేది. బురుజు వెనక లోయలో పారబోయాలి. కాళ్ళకు గొలుసులు, నెత్తిన గంప. వచ్చిన కొత్తలో ముక్బిల్ ఎముకల గూడు. మొదటిసారి షమూని కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఒరేయ్ హలబోడా, బూడిద పైపైన పారబోసి రాకు, గంప అడుగుదాకా దులుపు, తెలిసిందా? అడుగున మిగిలితే నీ వీపు చీరేస్తా." కాపలావాళ్ళు నవ్వారు. పాపిష్టిది, ఖైదీ అంటే ఇంత అలుసా అనుకుని ముక్బిల్ లోయ అంచున గంప బోర్లించి కసిగా దులిపాడు. అడుగున అంజూరపు ఆకులో చుట్టిన రొట్టె పడింది. ఇంకా కాలుతోంది. బూడిద అంటిన చేతులతోనే తిన్నాడు, సోంపు పళ్ళ మధ్య పగిలింది, ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఐదేళ్ళు వారానికి రెండుసార్లు ఆ తిట్లు, ఆ అడుగు. ఒకసారి రొట్టెలో ఉప్పు వేసిన ఆలివ్‌లు. ఒకసారి కాలిపుండుకు పూసుకోమని గొర్రె కొవ్వు. పండగ పూట, వాళ్ళ పండగో మన పండగో కూడా గుర్తులేదు, తేనె.

ఒక్కసారి మాత్రం నోరు ఆగలేదు. గంప ఎత్తుకుంటూ గొంతు తగ్గించి, "నీ చేతులు చల్లగుండాలమ్మా" అన్నాడు. ఆమె చీపురు తిరగేసి పట్టుకుంది. "నా చేతులు చల్లబడితే రొట్టెలెవడు కాలుస్తాడ్రా? నోరు మూసుకుని పో. ఇంకోసారి ఇలాంటి మాట అన్నావంటే గంపలో బూడిదే ఉంటుంది." అందుకే అనలేదు. ఖైదీల మార్పిడిలో విడుదలై కోట గుమ్మం దాటిన రోజు కూడా అనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని. హలబ్ చేరి, తల్లి కాళ్ళు పట్టుకుని, రెండో రోజున బజారులో సోంపు వాసన తగిలితే నడిరోడ్డు మీద కూలబడ్డాడు. చెప్పకుండా మిగిలిపోయిన కృతజ్ఞత అంత బరువని అప్పటిదాకా తెలియదు. ఆ బరువుతో పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు కూతుళ్ళను కన్నాడు. రోజూ నమాజు అయ్యాక ఆమెకోసం ఒక మాట అడుగుతాడు. మన దేవుడు ఒక క్రైస్తవురాలి గురించి వింటాడా అని ఒకసారి మసీదు పెద్దను అడిగితే, ఆయన గడ్డం దువ్వుకుని, నీకు రొట్టె ఎవరి చేత్తో పంపాలో ఆయనకు తెలుసుగా అన్నాడు. ఆయన కడుపు కూడా చల్లగుండాలి.

దీపం వత్తి చిటపటమంది. వేలితో సర్దాడు. తారు వాసన ముక్కులో పట్టేసింది. పైన గాలి వీస్తున్నట్టుంది, సొరంగం నోటినుంచి చల్లగా ఒక తెర వచ్చి మెడను తాకి పోయింది. ఇక్కడినుంచి చూస్తే నోటి దగ్గరి వెలుతురు కనబడాలి. కనబడదు. తిన్నగా తవ్విన సొరంగంలో చివర కూర్చున్నవాడికి పగలు కనబడుతుంది, బావి అడుగునుంచి ఆకాశం కనబడినట్టు. ఇది మధ్యలో ఎడమకి వంగింది. ఒక్కసారిగా వంచలేదు, రోజుకి ఇంత, బెత్తెడు, బెత్తెడు, దారం కట్టి గుండు వేలాడదీసి చూసేది తనే కాబట్టి దారాన్నే వంచాడు. పొడవు కొలిచే అమీర్ మనిషి తాడుతో కొలిచి సరిగ్గా వచ్చిందన్నాడు. తాడుకు వంపులతో పనిలేదు. పైకప్పు చల్లబడింది. మొదటిసారి చల్లటి రాయి మీద చెయ్యి పెట్టినప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేడు. షమూని పొయ్యి ఇప్పుడు కుడివైపున, ఎవరూ ముట్టని రాతి మీద భద్రంగా ఉంది. దీపం అంటిస్తే గోడ కూలుతుంది, బురుజు నిలబడుతుంది, పొయ్యి నిలబడుతుంది.

ఆ మాట అక్కడితో ఆగితే బావుండేది. ఆగదు. గోడ కూలితే మనవాళ్ళు ఆ సందులోంచి లోపలికి దూకుతారు. నిలబడిన బురుజు పైనుంచి ఫ్రాంకులు బాణాలు వేస్తారు, మరిగే నూనె పోస్తారు. బురుజు కూలి ఉంటే ఆ బాణాలు ఉండవు. ముందు దూకేవాళ్ళలో సొరంగపు పనివాళ్ళే ఉంటారు, అది ఆనవాయితీ, తవ్విన దారిలో ముందు నడిచే హక్కు వాళ్ళదే. జురైక్ ఉంటాడు. జురైక్ పక్కింటివాడు, ఇరవై ఎనిమిదేళ్ళ పొడుగాటి మనిషి, ముక్బిల్ భార్య అక్క కొడుకు. ఒక ముసలమ్మ రొట్టె కోసం జురైక్‌ను బాణాల కిందికి పంపుతున్నావా అని రోజూ రాత్రి తనను తానే అడిగాడు. అందుకే సుల్తాను పంపిన ఆ కబురు విన్నప్పుడు అంత ఆశ పుట్టింది. వాళ్ళు వచ్చి చూసి భయపడి లొంగిపోతే గోడా కూలదు, పొయ్యీ కూలదు, జురైకూ పోడు. అందరూ బతికే దారి ఒక్కటే మిగిలింది, ఆ దారి ఒక మేస్త్రీ కళ్ళలోంచి పోతుంది.

అసలు నాలుగు రోజుల కిందటే తల పోవలసింది. అదీ నమాజు దగ్గర. సొరంగం ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది కనుక పనివాళ్ళు లోపలే, తవ్వే గోడకు ఎదురుగా నిలబడి నమాజు చేసుకునేవారు. మక్కా అటే. వంపు తిరిగాక తవ్వే గోడ మక్కావైపు లేదు. మిగిలినవాళ్ళకు తెలియదు, వాళ్ళ తప్పు అల్లా క్షమిస్తాడు. తనకు తెలుసు. సుల్తానును మోసం చేసినవాడు అల్లాను కూడా మోసం చేయాలా? చేయలేకపోయాడు. వరసలో నిలబడి ఒళ్ళు కొంచెం కుడికి తిప్పుకున్నాడు, ఎవరు చూస్తారులే అని. జురైక్ చూశాడు. నమాజు ముగించి సలాం తిప్పాక పక్కకు వచ్చి గడ్డం గోక్కుంటూ, "ఏం బాబాయ్, నీ ఒక్కడికే మక్కాను పక్కకు జరిపారా?" అన్నాడు. మెడ పట్టేసిందిరా అన్నాడు ముక్బిల్. "మెడ పడితే మెడ వంకరవుతుంది, పాదాలు కూడానా?" అని జురైక్ అతని పాదాలవైపు, తర్వాత సొరంగం వెనక్కి, వెలుతురు కనబడని చీకటివైపు చూశాడు. చాలాసేపు చూశాడు. వాడికి లెక్క తెలుసు, మంచి పనివాడు. ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి, "బాబాయ్, నీకు ఆవనూనె తెచ్చా, మెడకు రాసుకో" అని సీసా చేతిలో పెట్టాడు. ఇంకేమీ అనలేదు. మిగతావాళ్ళను ఇకనుంచి నమాజు బయటే, లోపల దుమ్ముతో వజూ, కాళ్ళూ చేతులూ కడుక్కున్న శుద్ధి, నిలవదని చెప్పి పైకి తీసుకెళ్ళాడు. బాణాల కింద దూకబోయేది తానేనని తెలిసి కూడా తీసుకెళ్ళాడు. ముక్బిల్ ఆ సీసా ఇంకా నడుముపట్టీలో దాచుకున్నాడు. అల్లా, ఇలాంటి మనుషుల్ని ఇన్నిచోట్ల ఎందుకు పెట్టావు నా చుట్టూ, నేనేం చేశానని?

అడుగుల చప్పుడు. మాటలు. దివిటీ వెలుగు వంపు దగ్గర గోడ మీద పడింది. ముందు అమీర్ తోగాన్, వెనక ఇనుప చొక్కా తొడిగిన ఒక ఫ్రాంకు దొర ముక్కుకు గుడ్డ కట్టుకుని, వాళ్ళ భాష తెలిసిన ఒక దుబాసీ, అందరికన్నా వెనక ఒంగి ఒంగి ఒక ముసలివాడు. చేతిలో కొలకర్ర. ఆ కర్రను చూడగానే ముక్బిల్ వీపు చర్మం దానంతట అదే బిగుసుకుంది. కర్రలయ్య. ఖైదీలందరూ అతన్ని అలాగే పిలిచేవారు, అసలు పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. బురుజు బాగుచేయించిన ఫ్రాంకు మేస్త్రీ. రాయి ఒక వెంట్రుకవాసి పక్కకు పోతే ఆ కర్ర వీపు మీద పడేది. మేకు ఒకటి కొట్టి వదిలేస్తే ఇంకో దెబ్బ, రెండో మేకు ఎదురుగా ఏటవాలుగా కొట్టాలి, అప్పుడే దుంగ కదలదు అని. ఐదేళ్ళు మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. కోట వదిలాక ముక్బిల్ చాలామందిని క్షమించాడు, ఇతన్ని తప్ప. ఇంత పెద్ద లోకంలో ఈ గంటలో ఈ సొరంగంలోకి దిగి రావడానికి ఇంకెవరూ దొరకలేదా? అయిపోయింది. ఇతని కంటికి ఏదీ తప్పదు.

కర్రలయ్య ముక్బిల్‌ను చూడలేదు, దుంగల్ని చూశాడు. మొదటి దుంగ కాళ్ళ దగ్గర కూర్చుని మేకుల్ని వేలితో తడిమాడు. రెండు మేకులు, ఎదురెదురుగా, ఏటవాలుగా. వేలు అక్కడే ఆగింది. రెండో దుంగ. మూడో దుంగ. అప్పుడు తలెత్తి దీపం దగ్గర కూర్చున్నవాడి మొహం చూశాడు. కళ్ళు చిన్నవి చేసి, ఇంకా పరీక్షగా చూశాడు. ముక్బిల్ తల దించుకోలేదు, దించుకోవాలనిపించింది కాని మెడ నిజంగానే పట్టేసింది. దొర ఏదో అడిగాడు, దుబాసీ తర్జుమా చేయబోతే అమీర్ చెయ్యి అడ్డుపెట్టి, "పెద్దాయన్ని చూసుకోనీ, తొందరేం లేదు" అన్నాడు. కర్రలయ్య లేచాడు, మోకాళ్ళు కటకటమన్నాయి. వెనక్కి తిరిగి వెలుతురు కోసం చూశాడు, అది లేదు. కర్రతో కుడిగోడను తట్టాడు, ఎడమగోడను తట్టాడు, తల వంచి విన్నాడు. చివరికి ముక్బిల్ నెత్తి మీదుగా చెయ్యి చాపి అరచేతిని పైకప్పు రాయికి ఆనించాడు. ఆ రాయి చల్లగా ఉంది. ముక్బిల్‌కు తెలుసు, పొద్దున్నే ముట్టుకున్నాడు, చేపలా చల్లగా ఉంది. ఆ చెయ్యి అక్కడే ఉంది. ఎంతసేపు ఉందో. ఆ కాస్తలోనే హలబ్‌లోని ఇల్లు, పెరట్లో పిస్తా చెట్టు, చిన్నకూతురు వెంట్రుకలు ముడేసుకునే తీరు, తల్లి చేతి గాజుల చప్పుడు అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నిలబడ్డాయి. ఇన్నీ ఇచ్చావు, చాలు, ఆమెను మాత్రం వదిలెయ్యి అనుకున్నాడు.

"వెచ్చగా ఉంది" అన్నాడు కర్రలయ్య.

దుబాసీ అక్కర్లేకుండా మన భాషలోనే, అమీర్ వినేలా అన్నాడు. తర్వాత దొరవైపు తిరిగి వాళ్ళ భాషలో చాలా మాట్లాడాడు. దుబాసీ అమీర్ చెవి దగ్గర ఒక్కొక్క ముక్కా చెప్పాడు: సరిగ్గా పొయ్యి కిందే ఉన్నారట, బురుజు మొత్తం ఈ దుంగల మీదే నిలబడి ఉందట, నిప్పు తగిలితే ఒక ప్రార్థన ముగిసే లోపు అంతా లోయలో ఉంటుందట, ఇంక చేసేది లేదట. దొర ముక్కుగుడ్డ తీసేశాడు. మొహం తెల్లగా అయిపోయింది. అతను కూడా పైకప్పు ముట్టుకోబోయి ముట్టుకోలేదు, అది తన మీదే కూలుతుందేమోనన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమీర్ తోగాన్ మీసం మీద చెయ్యి వేసుకుని, "సుల్తాను మాట అంటే మాటే. తాళాలు ఇవ్వండి, మోసుకోగలిగినంత మోసుకుని సముద్రం దాకా వెళ్ళండి. మీకోసం పనిచేసిన ఈ దేశపు క్రైస్తవులు ఉంటామంటే ఉండొచ్చు, ఎవరూ వాళ్ళ జోలికి రారు" అన్నాడు. దొర తలూపాడు. ఇద్దరూ వెలుతురువైపు నడిచారు, దుబాసీ వాళ్ళ వెనక పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

కర్రలయ్య వెళ్ళలేదు. మోకాలు పట్టేసిందని సైగ చేశాడు. అమీర్ వంపు దగ్గరనుంచి, "ఏయ్ హలబీ, పెద్దాయనకు భుజం ఇచ్చి తీసుకురా, దీపం ఆర్పెయ్యి" అని కేకేశాడు. ముక్బిల్ దీపం ఆర్పాడు. చీకట్లో ముసలివాడి చెయ్యి తన భుజం మీద పడింది. ఒకప్పుడు కర్ర పట్టుకున్న చెయ్యి అది, ఇప్పుడు ఎముకలు తప్ప ఏమీ లేదు.

"ఎంత ఎడమకి?" అన్నాడు ముసలివాడు మెల్లగా.

"పన్నెండు మూరలు."

"షమూని కోసమా?"

ముక్బిల్ ముసలివాడి చేతిని భుజం మీద సర్దుకున్నాడు.

"అనుకున్నా. ఇంకా తిడుతూనే ఉంది, భయపడకు. పిండి తొమ్మిది రోజులకే ఉంది. సొరంగం బురుజు కింద లేదని చెబితే మా దొరలు పస్తులుండైనా ఇంకో నెల బిగబట్టుకు కూచుంటారు. తర్వాత మీవాళ్ళు గోడ దూకి వస్తారు. దూకి వచ్చినవాళ్ళు ఎవర్నీ పేరు అడగరు కదా." రెండడుగులు వేసి ఆగాడు. "నా పడక కూడా ఆ పొయ్యి మీదే. పైగదిలో. ఈ మోకాళ్ళకు వేడి కావాలి. ఆ లెక్కన నువ్వు నన్ను కూడా పన్నెండు మూరలు తప్పించావు."

"నీకోసం కాదు" అన్నాడు ముక్బిల్. అనేశాక సిగ్గేసింది, అయినా అది నిజం.

"తెలుసులే." ముసలివాడి గొంతులో నవ్వులాంటిది కదిలింది. "నువ్వు పునాదిలో సున్నం లేకుండా గులకరాళ్ళు నింపిన రోజు గుర్తుందా? రెండు రోజులు నింపావు. పైన రాళ్ళు భలేగా పేర్చావు."

ముక్బిల్ అడుగు ఆగిపోయింది.

"నాకు కళ్ళు లేవనుకున్నావా హలబోడా? నేను మేస్త్రీని. మొదటి గంపకే చూశాను." చెయ్యి భుజం మీద కొంచెం బిగిసింది. "చెప్పి ఉంటే నీ రెండు చేతులూ నరికేవాళ్ళు. ఆ శిక్ష అక్కడ రాసి పెట్టి ఉంది. చేతుల్లేని పనివాడు ఎలా ఉంటాడో మా ఊళ్ళో ఒకణ్ణి చూశాను, చిన్నప్పుడు. అందుకని చెప్పలేదు. పద్నాలుగేళ్ళు ఆ గులకరాళ్ళ మీదే పడుకున్నాను. గాలివాన వచ్చినప్పుడల్లా లేచి కూచునేవాణ్ణి."

చీకట్లో ముక్బిల్ తన చేతుల్ని ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. ఈ చేతులు. వీటితో తల్లిని మట్టిలోకి దించాడు. పెద్దకూతురు పుట్టినప్పుడు తడిగా ఉన్న ఆ చిన్న తలను ఈ అరచేతిలోనే పట్టుకున్నాడు. ఈ చేతులతోనే బూడిదలో రొట్టె తిన్నాడు. అవి తనవనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వీపు మీద పడ్డ ఒక్కొక్క దెబ్బా గుర్తుంది, పడకుండా ఆగిన కత్తి గురించి ఇప్పుడే తెలిసింది. ఎవరో తనకు తెలియకుండా తన మీద ఇంత ప్రేమ, ప్రేమ కాదేమో, ఇంత ఓర్పు ఖర్చు పెట్టారు. అడగకుండా ఇచ్చారు, ఇచ్చి చెప్పలేదు, తను మాత్రం ఆ మనిషిని తిడుతూ బతికాడు. అమ్మా, ఎంత గుడ్డివాణ్ణి. వచ్చిన మాట మాత్రం చాలా చిన్నది.

"నీ పేరేంటి?"

ముసలివాడు చెప్పాడు. ముక్బిల్ తిరిగి అన్నాడు, నాలుక తిరగలేదు.

"ఎంగెరాన్" అన్నాడు ముసలివాడు మళ్ళీ, నిదానంగా, రాయి ఎక్కడ పెట్టాలో చూపించే గొంతుతో. ముక్బిల్ మూడోసారికి పట్టుకున్నాడు. వంపు దాటేదాకా నోట్లో ఆ పేరు అనుకుంటూ నడిచాడు, అల్లాకు తప్పుగా చెప్పకూడదని. వంపు దాటాక పగలు ఒక్కసారిగా కళ్ళలో కొట్టింది. సముద్రం నుంచి వస్తున్న గాలిలో వేలమంది కేకలు, గుర్రాల సకిలింపులు, కోట మీద దిగుతున్న జెండా. సొరంగం నోటి దగ్గర జురైక్ నిలబడి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా, నవ్వుతూ, ఇంతసేపూ ఊపిరి బిగపట్టుకున్నట్టు రొప్పుతూ. ముసలివాణ్ణి వాళ్ళ మనుషులు వచ్చి పట్టుకుని మెల్లగా కొండ దారిన తీసుకెళ్ళారు. అతను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని.

"ఎవరు బాబాయ్ ఆయన?" అన్నాడు జురైక్. "నీకు తెలుసా?"

అసర్ అజాన్ మొదలైంది. ముక్బిల్ మొహం తుడుచుకున్నాడు.

"పద్నాలుగేళ్ళుగా తెలుసనుకున్నాను" అన్నాడు. "ఇవాళే తెలిసింది."